చేపల తొట్టి వడపోత నీరు తాగుటకు పనికిరాదు: ‘కాచి తాగండి’ అన్న సూచన వెలువడినపుడు తెలుసుకొనవలసిన అంశాలు

ప్రత్యేక వ్యాసం

ఆర్మూరు (నిజామాబాద్ జిల్లా): తాగునీరు కలుషితమైనదన్న అనుమానం కలిగిన వెంటనే పురపాలక సంఘాలు, గ్రామ పంచాయతీలు ప్రజలకు చేసే మొదటి విజ్ఞప్తి, నీటిని కాచి చల్లార్చి తాగవలసినదని. మైకులతోను, చాటింపులతోను, పత్రికా ప్రకటనలతోను ఈ సూచన ఇంటింటికీ చేరుతుంది. అయితే సూచన చేరిన ప్రతి ఇంటిలోను నీరు కాగుతున్నదని చెప్పలేము. వంట గ్యాసు ఖర్చు, తీరిక లేకపోవుట, కాచిన నీటి రుచి నచ్చకపోవుట వంటి కారణాల వలన అనేకులు దగ్గరి దారులు వెదకుతారు. పట్టణాలలో ఇటువంటి దగ్గరి దారులలో ఒకటి, ఇంటిలోనో దుకాణంలోనో ఉన్న అలంకరణ చేపల తొట్టికి అమర్చిన వడపోత పరికరాన్ని తాగునీటికి వాడవచ్చునన్న ఆలోచన.

తొట్టిలోని నీరు అద్దంవలె కనిపిస్తుంది. అందులో ఫిల్టరు, బొగ్గు పొర, కొన్నింటిలో అతినీలలోహిత దీపం కూడా ఉంటాయి. ఇన్ని ఉన్న పరికరం నాలుగు బిందెల నీటిని శుభ్రపరచలేదా అన్న ప్రశ్న సహజమైనదే. కాని సమాధానం మాత్రం స్పష్టం. ఆ పరికరం చేపల కొరకు తయారైనది. మనుషులను కాపాడవలసిన కొన్ని విషయాలలో అది సరిగ్గా వ్యతిరేక దిశలో పనిచేస్తుంది. ఈ సంగతిని వివరించి, సురక్షితమైన పద్ధతులను అధికారుల, పాత్రికేయుల దృష్టికి తెచ్చుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

మార్కెట్ పట్టణాలకు ప్రత్యేక శ్రద్ధ అవసరం

పసుపు, ఎర్రజొన్న పంటలకు పేరుగాంచిన ఆర్మూరు 44వ, 63వ జాతీయ రహదారుల కూడలిలో ఉన్నది. చుట్టుపక్కల గ్రామాల రైతులు, హమాలీలు, లారీ డ్రైవర్లు, వ్యాపారులు, విద్యార్థులు నిత్యం రాకపోకలు సాగిస్తూ ఉంటారు. ఇటువంటి పట్టణంలో తాగునీటి సమస్య ఏర్పడితే దాని ప్రభావం స్థానిక కుటుంబాలకే పరిమితం కాదు. హోటళ్లు, టీ కొట్లు, వసతి గృహాలు, అంగన్‌వాడీ కేంద్రాలు, బస్టాండు పరిసరాలలోని దుకాణాలు అందించే నీరు రోజుకు ఎందరో బయటి వారికి చేరుతుంది. దుకాణానికి అందంగా అమర్చిన తొట్టి పక్కనే తాగునీటి పాత్ర ఉండుట కూడా అరుదు కాదు. కావున సూచన ఇళ్లకు చేరినంత స్పష్టంగా దుకాణాలకు కూడా చేరవలసి ఉన్నది.

నీరు ఎలా కలుషితమవుతుంది

శుద్ధి కేంద్రం నుండి బయలుదేరిన నీరు సురక్షితంగా ఉన్నప్పటికీ, కుళాయికి చేరేలోపు చెడిపోవచ్చును. మన పట్టణాలలో నీటి సరఫరా రోజుకు కొద్ది గంటలే జరుగుతుంది. సరఫరా ఆగినపుడు పైపులలో ఒత్తిడి తగ్గుతుంది. మురుగు కాలువల గుండా, గుంతల పక్కగా సాగే పైపులకు పగుళ్లు ఉన్నట్లయితే బయటి మురికి నీరు లోనికి చొరబడుతుంది. కుళాయిలకు నేరుగా మోటార్లు బిగించి నీటిని లాగుట వలన ఈ ముప్పు మరింత పెరుగుతుంది. తొలకరి వానలకు కాలువలు పొంగినపుడు ప్రమాదం ఎక్కువ.

2009 మే నెలలో హైదరాబాద్‌లోని భోలక్‌పూర్‌లో తాగునీటిలో మురుగు కలిసిన కారణంగా వందలాది మంది అస్వస్థులైనారు. పలువురు ప్రాణాలు కోల్పోయినారు. 2018 మార్చిలో గుంటూరు నగరంలోను, 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలోను అతిసార వ్యాధి ప్రబలి ప్రాణనష్టం సంభవించినది. కలుషితమైన నీరు ప్రతిసారీ మురికిగా కనిపించదని గుర్తుంచుకొనవలెను. కలరా, టైఫాయిడ్, కామెర్లు కలిగించే క్రిములు స్వచ్ఛంగా కనిపించే నీటిలో కూడా ఉండగలవు.

చేపల తొట్టి పరికరాలు చేసే పని ఏమిటి

తొట్టిలో అమర్చే పరికరాలను ఒక్కొక్కటిగా పరిశీలించినట్లయితే విషయం తేటతెల్లమవుతుంది.

1. స్పాంజి, దూది పొరలు: ఇవి చేపల విసర్జనలను, మిగిలిన మేతను, నలుసులను పట్టి ఉంచుతాయి. అతిసారం కలిగించే ఇ.కోలై బాక్టీరియా పొడవు సుమారు 2 మైక్రాన్లు మాత్రమే. హెపటైటిస్-ఎ వైరస్ అంతకంటే అనేక రెట్లు చిన్నది; దాని వ్యాసం మైక్రానులో 30వ వంతు కంటే కూడా తక్కువ. స్పాంజి రంధ్రాలు వీటికి రహదారులవంటివి.

2. జీవసంబంధ వడపోత: ఫిల్టరు లోపలి రాళ్లపైన, పింగాణీ ముక్కలపైన బాక్టీరియా పొర పెరుగుతుంది. చేపలు విసర్జించే అమ్మోనియాను ఇవి ముందు నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మారుస్తాయి. చేపల ప్రాణం నిలిపేది ఈ పొరయే. అనగా బాగా పనిచేస్తున్న ఫిల్టరులో సూక్ష్మజీవులు తప్పనిసరిగా ఉండి తీరవలెను. తుదకు మిగిలే నైట్రేట్ పసిపిల్లలకు హానికరం. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించరాదని భారత ప్రమాణం ఐ.ఎస్. 10500 నిర్దేశిస్తున్నది.

3. ఉత్తేజిత బొగ్గు: రంగును, వాసనను, క్లోరిన్‌ను గ్రహిస్తుంది. క్రిములను చంపదు. వాడుక పెరిగిన కొలది ఆ బొగ్గే క్రిములకు నివాసమవుతుంది.

4. క్లోరిన్ విరుగుడు మందు: చేపల దుకాణాలలో చిన్న సీసాలలో లభించే ఈ ద్రావణంలో సాధారణంగా సోడియం థయోసల్ఫేట్ ఉంటుంది. నీటిలోని క్లోరిన్ చేపల మొప్పలను దెబ్బతీస్తుంది కనుక దానిని నిర్మూలించుటకు ఈ మందు వేస్తారు. కాని కుళాయి నీటిలో మిగిలి ఉన్న క్లోరినే మనుషులకు రక్షణ. కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్, వైరస్‌ల ముప్పు ఉన్నపుడు 0.5 మిల్లీగ్రాములు ఉండవలెనని ఇదే ప్రమాణం తెలుపుతున్నది. చేపకు విషమైనది ఇక్కడ మనిషికి రక్ష. తొట్టి కొరకు సిద్ధం చేసిన నీటిలో ఆ రక్ష తొలగించబడి ఉంటుంది.

5. అతినీలలోహిత దీపం: ఈ కాంతి క్రిములను నిర్వీర్యం చేయగలదు, తాగునీటి యంత్రాలలోను దీనిని వాడుతున్నారు. తేడా మోతాదులో ఉన్నది. తాగునీటికి వాడే పరికరం నుండి నీరు ఒక్కసారి ప్రవహించినపుడే ప్రతి చుక్కకు తగిన మోతాదు అందవలెను. అమెరికాలో అమలులో ఉన్న ప్రమాణం ప్రకారం ఇది చదరపు సెంటీమీటరుకు 40 మిల్లీజౌళ్లు. తొట్టి దీపం మాత్రం అదే నీరు రోజంతా మరల మరల తిరుగుతుందన్న లెక్కతో, ముఖ్యంగా పచ్చని నాచును అదుపు చేయుటకు తయారైనది. నీరు మసకగా ఉన్నా, గాజు గొట్టంపై పాకుడు పట్టినా, దీపం పాతబడినా కాంతి క్రిములకు చేరదు. దీపం వెలుగుతున్నంత మాత్రాన అది పనిచేస్తున్నదని భావించరాదు.

వీటికి తోడు, తొట్టి గొట్టాలు, మోటార్లు ఆహార పదార్థాలకు తగిన నాణ్యతతో తయారైనవి కావు. చేపల జబ్బులకు వాడే రాగి లవణాలు, మలకైట్ గ్రీన్, ఫార్మలిన్ వంటి మందుల అవశేషాలు వాటిలో మిగిలి ఉండవచ్చును. కావున కొత్త నీటిని పాత ఫిల్టరు గుండా పంపిన యెడల నీటిలోని దోషాలు తొలగకపోగా కొత్తవి చేరే అవకాశం ఉన్నది.

చేప బతికిన నీరు మంచినీరేనా

బావిలో చేపలు తిరుగుతున్నవంటే నీరు మంచిదేనన్న నమ్మకం పల్లెలలో ఉన్నది. దోమల నివారణకు ఆరోగ్య శాఖ నీటి గుంటలలో గంబూసియా చేపలను వదలుతున్నందున ఈ నమ్మకం కొంత బలపడినది కూడ. చేపలు జీవించి ఉన్నవంటే ఆ నీటిలో ప్రాణవాయువు తగినంత ఉన్నదని, తీవ్రమైన విషపదార్థాలు లేవని మాత్రమే అర్థం. మనుషులకు కలరా, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే క్రిముల వలన చేపలకు ఇబ్బంది లేదు. కలరా క్రిమి సహజ జలాలలోని సూక్ష్మ జీవులను అంటిపెట్టుకొని జీవించగలదని శాస్త్రవేత్తలు నిరూపించినారు. చేప సాక్ష్యం ఈ విషయంలో చెల్లదు.

పటిక, చిల్లగింజ, పసుపు

మన పెద్దలు బురద నీటిని తేర్చుటకు పటికను, చిల్లగింజ గంధాన్ని వాడినారు. ఇవి మట్టిని అడుగుకు దించుటలో సమర్థమైనవే. మాగిన చీరను నాలుగు మడతలు వేసి వడగట్టినపుడు కలరా కేసులు సుమారు 48 శాతం తగ్గినట్లు బంగ్లాదేశ్ గ్రామాలలో జరిపి 2003లో ప్రచురించిన అధ్యయనం తెలిపినది. ఇది మెచ్చదగిన ఫలితమే. అయినప్పటికీ సగానికి పైగా ముప్పు మిగిలియే ఉన్నది. కావున తేర్చుట, వడగట్టుట అన్నవి కాచుటకు ముందు జరుగవలసిన పనులు. కాచుటకు బదులు చేసే పనులు కావు.

పసుపు పండించే ప్రాంతం కనుక మరొక మాట చెప్పవలసి ఉన్నది. గాయానికి పసుపు అద్దుట మన సంప్రదాయం. అంతమాత్రాన నీటిలో చిటికెడు పసుపు కలిపిన యెడల క్రిములు నశించవు. పసుపులోని కుర్కుమిన్ నీటిలో దాదాపు కరగదు. పసుపు వేసి మరిగించిన నీరు సురక్షితమైతే ఆ ఘనత మరుగుటదే.

కాచుటలో సరైన పద్ధతి

తవ్విన పసుపును ఉడికించినపుడు, కొమ్ములో పుల్ల సులువుగా దిగిన తరువాతనే రైతు మంట తీస్తాడు. నీటికి కూడా అటువంటి గుర్తు ఒకటి ఉన్నది. అడుగున చిన్న బుడగలు కనిపించిన మాత్రాన చాలదు. నీరు తెర్లి, పెద్ద బుడగలతో కళపెళ మరగవలెను. ఆ స్థితిలో కనీసం 1 నిమిషం ఉంచవలెను. సముద్ర మట్టానికి 2,000 మీటర్లు దాటిన ప్రదేశాలలో 3 నిమిషాలు అవసరమని నిపుణుల సలహా. తెలుగు రాష్ట్రాలలో అంత ఎత్తైన కొండ శిఖరం కూడా లేదు కనుక ఇక్కడ 1 నిమిషం సరిపోతుంది. నిజానికి 70 డిగ్రీల సెంటీగ్రేడు దాటగానే చాలా క్రిములు త్వరత్వరగా నశిస్తాయి. ఇళ్లలో ఉష్ణమాపకాలు ఉండవు కనుక కంటికి కనిపించే మరుగుటను గుర్తుగా నిర్ణయించినారు. 20 నిమిషాలు కాచి గ్యాసు వృథా చేయవలసిన పని లేదు.

పాటించవలసిన క్రమం ఇది:

– నీరు మసకగా ఉన్న యెడల ముందుగా తేర్చి, శుభ్రమైన మడత గుడ్డతో వడగట్టవలెను.
– తెర్లి మరిగిన తరువాత 1 నిమిషం ఉంచి దింపవలెను.
– మూత తీయకుండా దానంతట అదే చల్లారనివ్వవలెను. చల్లార్చుటకు పచ్చి నీరు గాని, మంచు గడ్డలు గాని కలుపరాదు.
– కాచిన పాత్రలోనే, లేదా మరిగిన నీటితో కడిగిన పాత్రలో నిల్వ చేయవలెను. చేతులు, గ్లాసులు ముంచక కాడ గల గరిటెతో గాని, కుళాయి గల పాత్రతో గాని తీసుకొనవలెను.
– తాగుటకే గాక పళ్లు తోముటకు, పసిపిల్లల పాలు కలుపుటకు, పచ్చిగా తినే కాయగూరలు కడుగుటకు, ఓ.ఆర్.ఎస్. ద్రావణానికి కూడా ఈ నీటినే వాడవలెను.

ఇంటిలో ఆర్.ఓ. లేక యు.వి. యంత్రం ఉన్నవారు సైతం సూచన అమలులో ఉన్నంత కాలం నీటిని కాచుటయే మంచిది. క్యాండిల్ మార్చి ఎంత కాలమైనదో, పొర చిరిగినదో లేదో చాలా ఇళ్లలో తెలియదు.

ఇంధనం లేనిచోట ఏమి చేయవలెను

కాచుట భారమైన కుటుంబాలు, బయట పనిచేసే కూలీలు క్లోరిన్ మాత్రలను వాడవచ్చును. పొట్లంపై ముద్రించిన మోతాదు ప్రకారం వేసి, కనీసం 30 నిమిషాలు ఆగిన తరువాత తాగవలెను. మసక నీటిలో క్లోరిన్ శక్తి తగ్గుతుంది కనుక ముందుగా వడగట్టుట తప్పనిసరి. వేసవిలో రంగులేని ప్లాస్టిక్ సీసాలలో తేట నీటిని నింపి 6 గంటలు తీవ్రమైన ఎండలో ఉంచుట మరొక మార్గం. మబ్బు పట్టిన రోజులలో 2 రోజులు ఉంచవలసి ఉంటుంది. ఎడతెగని వానలలో ఈ పద్ధతిని నమ్ముకొనరాదు.

అయితే క్లోరిన్‌కు లొంగని క్రిములు కూడా ఉన్నవి. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి శుద్ధి కేంద్రాన్ని దాటి వచ్చి సుమారు 4,03,000 మందిని అస్వస్థులను చేసినది. అది క్లోరిన్‌ను తట్టుకొనగలదు, మరుగుటను తట్టుకొనలేదు. వీలున్న ప్రతిచోట కాచుటకే ప్రాధాన్యం ఇచ్చుటకు ఇది ఒక ముఖ్య కారణం.

కాచినా ప్రయోజనం లేని సందర్భాలు

మరిగించుట వలన క్రిములు నశిస్తాయి గాని ఫ్లోరైడ్, నైట్రేట్, పురుగు మందులు, లోహాలు తొలగవు. నీరు ఆవిరైన కొలది వాటి సాంద్రత పెరుగుతుంది. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగర జలాలలో నాచు వలన పుట్టిన విషం కనిపించినపుడు, అక్కడి అధికారులు 4 లక్షలకు పైగా ప్రజలకు ‘కాచవద్దు, అసలే తాగవద్దు’ అని ప్రకటించవలసి వచ్చినది. కావున ‘కాచి తాగండి’, ‘తాగవద్దు’, ‘ఏ అవసరానికీ వాడవద్దు’ అన్నవి మూడు వేర్వేరు సూచనలు. ఏ సందర్భానికి ఏది వర్తిస్తుందో నీటి పరీక్ష ఫలితాన్ని బట్టి నిర్ణయించవలసి ఉంటుంది.

చేపల సంగతి

సూచన అమలులో ఉన్నపుడు చేపలకు కాచిన నీరు అవసరం లేదు. అయితే పైపులను శుభ్రపరచుటకు సరఫరా నీటిలో క్లోరిన్ మోతాదు పెంచే అవకాశం ఉన్నది. కావున ఆ రోజులలో తొట్టి నీరు మార్చుట వాయిదా వేయుట మేలు. తప్పనిసరి అయిన యెడల క్లోరిన్ విరుగుడు మందును విడి బకెట్టులో కలిపి వాడవలెను. ఆ బకెట్టును, గొట్టాన్ని తాగునీటి పాత్రలకు దూరంగా ఉంచవలెను. గొట్టంతో నీరు దింపునపుడు నోటితో పీల్చరాదు. కాచిన నీటిని తొట్టిలో పోయదలచినవారు పూర్తిగా చల్లారనిచ్చి, గాలి పంపుతో ప్రాణవాయువు కలిపిన తరువాతనే పోయవలెను. మరిగిన నీటిలో అది దాదాపు మిగలదు.

అధికారులకు, పాత్రికేయులకు

సూచన ఎంత స్పష్టంగా ఉన్నదన్న దానిపై ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. ‘వడగట్టి, కాచి తాగండి’ అన్న వాక్యం ‘వడగట్టి లేదా కాచి తాగండి’ అని అచ్చయిన యెడల, ఫిల్టరు ఉన్న ప్రతి కుటుంబం తనకు మినహాయింపు లభించినదని భావిస్తుంది. ‘శుద్ధి చేసిన నీరు తాగండి’ అన్న మాట కూడా ఇటువంటిదే. ఎవరికి తోచిన శుద్ధి వారు చేసుకొంటారు. కావున ‘కాచిన నీరు’ అన్న పదమే వాడుట శ్రేయస్కరం.

ప్రకటనలో ఏ వార్డులకు, ఏ వీధులకు సూచన వర్తిస్తుందో, ఎప్పటి నుండి అమలులోకి వచ్చినదో, ఎంతసేపు మరిగించవలెనో, ఇంధనం లేనివారికి క్లోరిన్ మాత్రలు ఎక్కడ లభిస్తాయో, అస్వస్థత కలిగిన యెడల ఎవరిని సంప్రదించవలెనో ఉండవలెను. చేపల తొట్టి ఫిల్టర్లు, సాధారణ క్యాండిల్ ఫిల్టర్లు, పటిక కాచుటకు ప్రత్యామ్నాయం కావని ఒక్క వాక్యం చేర్చినట్లయితే అపోహలకు తావుండదు. 2022 నవంబరులో, పెద్ద సంఖ్యలో తెలుగువారు స్థిరపడిన హ్యూస్టన్ నగరంలో విద్యుత్ అంతరాయం వలన నీటి ఒత్తిడి తగ్గినపుడు 20 లక్షలకు పైగా ప్రజలకు కాచి తాగవలసినదిగా సూచన జారీ అయినది. కాలుష్యం నిర్ధారణ కాకమునుపే ముందుజాగ్రత్తగా చేసిన ప్రకటన అది. ఒత్తిడి తగ్గినదన్న సమాచారమే సూచనకు తగిన కారణమన్న సంగతి మన పట్టణాలకు కూడా వర్తిస్తుంది.

సూచన జారీ చేసినంత శ్రద్ధగా దానిని ఉపసంహరించుటను కూడా ప్రచారం చేయవలెను. 100 మిల్లీలీటర్ల నీటి నమూనాలో ఇ.కోలై జాడ లేదని పరీక్షలో తేలి, కుళాయి చివర క్లోరిన్ నిలిచిన తరువాత మాత్రమే సూచనను ఎత్తివేయవలసి ఉంటుంది. ఆ పిమ్మట ప్రజలు కుళాయిలను కొంతసేపు తెరిచి నిలిచిన నీటిని వదలివేయవలెను. సంపులను, ట్యాంకులను కడిగించి, నీటి ఫిల్టర్ల క్యాండిళ్లను మార్చుకొనవలెను.

నీళ్ల విరేచనాలు, వాంతులు మొదలైన వెంటనే కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఒక ఓ.ఆర్.ఎస్. పొట్లం కలిపి కొద్దికొద్దిగా తాగించవలెను. పసిపిల్లలను, వృద్ధులను ఆలస్యం చేయక సమీప ప్రభుత్వ ఆసుపత్రికి తరలించవలెను. ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురికి ఇటువంటి లక్షణాలు కనిపించిన యెడల ఆశా కార్యకర్తకు గాని, పురపాలక కార్యాలయానికి గాని తెలియజేయవలసి ఉన్నది. ఆ సమాచారం ఎంత త్వరగా అందితే, కలుషితమైన పైపును అంత త్వరగా గుర్తించి మూసివేయుటకు వీలవుతుంది.